గ్రంథాంతమున జవాబు లేని లెక్క

పెండ్లిపందిళ్లలోనో, గృహప్రవేశపు విందులలోనో బంధువులు కలిసికొన్నప్పుడు, భౌతికశాస్త్రమున ఎం.ఎస్‌సి. పట్టము పొందియు ఇంకను విశ్వవిద్యాలయమును వీడని యువకుని తల్లికి తప్పక ఎదురగు ప్రశ్న యొకటి కలదు: "మీవాడి చదువు ఇంకా అయిపోలేదా వదినా?" అడిగిన ఆమె కుమారుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగమున చేరి నాలుగేండ్లై, ఫ్లాటు కొని, వాయిదాలు కట్టుచుండును, ఈ తల్లి కొడుకు మాత్రము ఇరువదియేడేండ్లు నిండినను హాస్టలుగదిలోనే కాపురముండి, పండుగకు వచ్చినను రెండవనాడే "ప్రయోగం మధ్యలో ఉందమ్మా" అని రైలెక్కును. "ఏదో పరిశోధనట" అని ఆమె మెల్లగా చెప్పి, మాట మార్చును. ఆ "ఏదో" అను పదము వెనుక నున్నదేమో, ఆ అయిదారు సంవత్సరములు దేనికి వ్యయమగుచున్నవో మన కుటుంబములలో పెక్కుమందికి తెలియదు. చెప్పవలసిన మావంటి ఉపాధ్యాయులము చెప్పియు నుండలేదు. ఆ లోటును కొంతవరకైనను తీర్చుట కీ ప్రయత్నము.

పాఠశాల మొదలుకొని ఎం.ఎస్‌సి. వరకు విద్యార్థి చేయు లెక్కలన్నిటికిని ఒక సామాన్యలక్షణము కలదు: వాని జవాబు ముందే ఎవరికో తెలిసియున్నది. అది పుస్తకము చివరి పుటలలో అచ్చయి యుండును. కానిచో ఉపాధ్యాయుని నోటుపుస్తకమున నుండును. ప్రయోగశాలలోను అంతే. లోలకమును ఊపి, గడియారము చూచి, గురుత్వత్వరణమును గట్టినప్పుడు 980 రావలెనని విద్యార్థి ఎరుగును, పరీక్షకుడు నెరుగును. 1020 వచ్చినచో భూమి ఆకర్షణ పెరిగినదని ఎవ్వరును అనుకొనరు, కుఱ్ఱవాడు ఊపులు తప్పుగా లెక్కించినాడందురు. ఇట్లు పదునేడేండ్లపాటు, తెలిసిన జవాబును చేరుటయే చదువని అలవాటుపడిన మనస్సు, పరిశోధకవిద్యార్థిగా చేరిన దినమున, జవాబు ఎవరికిని తెలియని లెక్క యొకదాని ముందు నిలువబడును. పర్యవేక్షకునికి తెలియదు, ఏ గ్రంథమునందును లేదు. కొన్ని సమయములందు ఆ లెక్కకు జవాబున్నదో లేదో కూడ తెలియదు. తరగతిలో ప్రథమస్థానము నెన్నడును విడువని వారు ఇచ్చట తడబడుటయు, మధ్యశ్రేణిలో నుండినవారు నిలదొక్కుకొని పైకి వచ్చుటయు నేను పలుమారులు చూచితిని. దానికి కారణము మేధస్సులోని హెచ్చుతగ్గులని నే ననుకొనను. తెలియనిదాని సన్నిధిని నెలల తరబడి ఓర్పుతో కూర్చుండగల అలవాటు ఒకరికి అబ్బినది, మఱియొకరికి అబ్బుటకు వ్యవధి పట్టినది, అంతే.

ఈ విద్యకు తెలుగునాట పునాది పడిన వృత్తాంతము తలచుకొనదగినది. ఉన్నతపరిశోధన యనగా కలకత్తాకో, కేంబ్రిడ్జికో పోవలసినదే యని లోకము తలచుచున్న 1920ల నాడే, విజయనగరము మహారాజా కళాశాలలో ఎ. ఎల్. నారాయణ్‌గారు లోహముల ఆవిరులు కాంతిని గ్రహించు విధమును శోధించుచు, ఆ ఫలితములను ఇంగ్లండులోని శాస్త్రపత్రికలకు పంపుచుండిరి. ఆయన శిష్యులలో నొకరు కల్లూరి రంగధామరావుగారు. వీరు తరువాత లండనునకు పోయి ఆల్‌ఫ్రెడ్ ఫౌలరు కడ వర్ణపటశాస్త్రమున కృషిచేసి డాక్టరు పట్టముతో మరలివచ్చిరి. 1926లో బెజవాడలో వెలసి, 1930లో వాల్తేరునకు తరలిన ఆంధ్ర విశ్వవిద్యాలయము, సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఉపాధ్యక్షులుగా నున్న కాలమున విజ్ఞానశాఖలను పెంపొందింప బూనినప్పుడు, రంగధామరావుగారును, సూరి భగవంతముగారును అచ్చట చేరిరి. భగవంతముగారు కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో, చంద్రశేఖర వెంకట రామన్‌గారు తమ ప్రఖ్యాత ఫలితమును కనుగొన్న సంవత్సరముననే, కలకత్తాలో ఆయన ప్రయోగశాలలో చేరినవారు. 1932లో వాల్తేరునకు వచ్చునాటికి వారికి ఇరువదిమూడేండ్లు నిండియు నిండనివి. అంతటి పిన్నవయస్కుని నమ్మి అధ్యాపకునిగా నియమించిన ఆనాటి పెద్దల ధైర్యమును నేను ఎంతయు గౌరవింతును. సముద్రపుగాలికి ఇనుము తుప్పుపట్టు ఆ కొండమీద, కొద్దిపాటి పరికరములతో వారు ప్రారంభించిన పని, రెండు దశాబ్దులలో దేశమంతటికి వర్ణపటశాస్త్రజ్ఞులను పంపగల పాఠశాలగా పరిణమించెను.

పరిశోధకవిద్యార్థి దినచర్యను దగ్గరగా చూపవలెనన్న, అట్టి వర్ణపటప్రయోగమునకంటె తగినది నాకు తోచదు. నేను పరిశోధనకు చేరిన తొలియేట చేసినదియు అదియే. మా ప్రయోగశాలలో గాజుపట్టకములతో గూడిన పాత స్పెక్ట్రోగ్రాఫు ఒకటి యుండెను. పాదరసదీపమునుండి వెలువడు 4358 ఆంగ్‌స్ట్రాముల నీలికాంతిని బెంజీను ద్రవముపై ప్రసరింపజేసినచో, చెదరిన కాంతిలో అత్యధికభాగము ఆ నీలివన్నెతోనే తిరిగివచ్చును. సుమారు కోటికొక్క ఫోటాను మాత్రము బెంజీను అణువును కంపింపజేసి, ఆ మేరకు తన శక్తిని కోల్పోయి, వన్నె మార్చుకొని వచ్చును. మిక్కిలి ప్రబలమైన కంపనమువలన ఆ మార్పు సెంటీమీటరునకు 992 తరంగముల మేరకుండి, నీలిగీతకు ఎడముగా 4555 ఆంగ్‌స్ట్రాముల చెంత సన్నని గీత యొకటి ఏర్పడును. ఇదియే రామన్ ఫలితము. కోటిలో నొకటి గనుక, ఆ గీత ఫోటోప్లేటుపై ముద్రపడుటకు గంటలకొలది, అది యొకప్పుడు తెల్లవారు వరకు, దీపమును వెలిగించియే యుంచవలెను. ఆ సమయమున గదిలోని వేడిమి ఏమాత్రము మారినను పట్టకపు గాజు స్వభావము మారి, గీత ప్రక్కకు జరిగి మసకబారును. అందువలన కిటికీలు బిగించి, పంకా ఆపి, చెమటలు గ్రక్కుచు వరండాలో కాపలా కూర్చుండెడివారము. నడిరేయి కరెంటు పోయినచో ఆనాటి శ్రమ అంతయు వృథా.

తెల్లవారుజామున ప్లేటును డార్క్ రూములోనికి కొనిపోయి, ఎఱ్ఱదీపపు మసకలో డెవలపరు తట్టను మెల్లగా ఊపుచుండగా, మొదట పాదరసపు గీతలు కాటుక దిద్దినట్లు నల్లగా పైకి తేలివచ్చును. మనము కోరిన గీత అప్పుడే కనబడదు. ఊపుచునే యుండవలెను, ఊపిరి బిగబట్టి చూచుచున్న కన్నులకు, వెండ్రుకవాసి బూడిదరంగు చార యొకటి ఉన్నదో, ఉన్నట్లు భ్రమయో తెలియకుండ పొడచూపును. హైపోలో ముంచి, కడిగి, ఆరబెట్టి, పగటివెలుతురునకు ఎత్తిపట్టుకొన్నప్పుడు అది నిక్కముగా అచ్చటనే యుండుట చూచిన వానికి కలుగు ఆనందమును నేను వర్ణింపలేను. అణువు ఎంత వేగమున కంపించుచున్నదో ఆ గాజుపలకమీద తన చేవ్రాలు పెట్టినట్లుండెడిది.

అయినను చూచుటతో పని ముగియదు; కొలుచుటతో మొదలగును. అదే ప్లేటుపై, గీతల ప్రక్కనే, ఇనుప ఆర్కుకాంతి వర్ణపటమును ముద్రింతుము; ఇనుముగీతల తరంగదైర్ఘ్యములు ఎప్పుడో నిర్ణయింపబడినవి గావున అవి కొలబద్దగా పనికివచ్చును. ప్లేటును కంపేరేటరు అను సూక్ష్మదర్శిని క్రింద నుంచి, మరచక్రమును త్రిప్పుచు, అడ్డుపోగును ఒక్కొక్క గీత నడుమకు తెచ్చి, మిల్లీమీటరులో వేయవవంతు వరకు అంకెలు వ్రాసికొనవలెను. నేను మూడువారములపాటు ఇరువది ప్లేట్లను ఇట్లు కొలిచి, ఒకనాటి కొలత మఱియొకనాటి కొలతతో పొసగక, రాత్రులు నిద్ర లేక, తుదకు మా గురువుగారి కడకు పోయి నిలిచితిని. ఆయన ఏమియు ననక వచ్చి, నా ప్రక్కన బల్లమీద కూర్చుండి, పావుగంటసేపు నేను కొలుచుచుండగా చూచి, "చక్రం ఎటు తిప్పుతున్నావు నాయనా?" అని మాత్రమే అడిగిరి. గీతను దాటిపోయినప్పుడెల్ల నేను చక్రమును వెనుకకు త్రిప్పి సరిచేయుచుంటిని. మరకును దాని గూటికిని నడుమ రవంత వెలితి యుండును. ప్రయోగశాలలవారు దానిని బ్యాక్‌లాష్ అందురు. త్రిప్పు దిశ మార్చినప్పుడు చక్రము కొంత తిరిగినను సూక్ష్మదర్శిని కదలదు. అంకె మాత్రము కదలును. గీతను దాటితిమేని చాలదూరము వెనుకకు పోయి, మరల ముందునకే వచ్చి ఆగవలెను. మూడువారముల శ్రమ ఆ ఒక్క ప్రశ్నతో నీరుగారిపోయినది. ఆయన కోపపడలేదు, ఆనాడు ఇంటికి పోక, రాత్రి తొమ్మిదిగంటల వరకు నాతో కూర్చుండి మొదటి ప్లేటును తిరిగి కొలిపించిరి. పుస్తకములలో ఆ సంగతి లేకపోలేదు. నేను చదివియు నుంటిని. చదివినది చేతివ్రేళ్లలోనికి దిగుటకు అట్టి రాత్రి యొకటి కావలసివచ్చినది.

అంత శ్రమపడి గీతను కొలుచుట దేనికని చదువరులు అడుగవచ్చును. బెంజీను అణువునే చూతము. దానిలో ఆరు కర్బనపరమాణువులు, ఆరు హైడ్రోజనుపరమాణువులు, మొత్తము పండ్రెండు కలవు. ఈ పండ్రెండును 30 రీతుల కంపింపగలవు. అణువు సమషడ్భుజాకారముననే యున్నచో, ఆ సౌష్ఠవముచేత కొన్ని రీతులు జంటలుగా కలిసిపోయి 20 పౌనఃపున్యములు మాత్రమే మిగులును. అందును 7 మాత్రమే రామన్ వర్ణపటమున కనబడవలెను, వేరు 4 మాత్రమే పరారుణవర్ణపటమున కనబడవలెను, రెండింటను కనబడునది ఒక్కటియు నుండరాదు. ఆకారము ఏ కొంచెము వంకరయైనను ఈ లెక్క తారుమారగును. కంటికి కనబడని అణువు యొక్క ఆకృతిని, దాని గీతలను లెక్కించి తెలిసికొనవచ్చునన్న మాట! గణితమున సమూహసిద్ధాంతమని పేరొందిన శాఖ ఈ విద్యకు ఆధారము. భగవంతముగారును, గణితజ్ఞులగు టి. వెంకటరాయుడుగారును కలిసి ఆ సిద్ధాంతమును భౌతికశాస్త్రవిద్యార్థులకు సుబోధకమగునట్లు రచించిన గ్రంథమును ఆంధ్ర విశ్వవిద్యాలయము 1948లో వాల్తేరునుండి ప్రకటించెను. ఒక తీరపట్టణమునందలి ప్రయోగశాలలో ప్లేట్లు కొలుచుచున్న విద్యార్థులకు అక్కఱకు రావలెనని పుట్టిన పుస్తకము, దేశదేశముల పరిశోధకుల బల్లలమీదికి చేరినది. భగవంతముగారు తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులై, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సునకు డైరెక్టరై, రక్షణమంత్రికి శాస్త్రసలహాదారులై ఎన్ని పదవులు నిర్వహించినను, వారి పేరు చెప్పినంతనే నాకు మొదట తలపునకు వచ్చునది ఆ పుస్తకమే.

ఈ చదువునకు వయసు మించిపోయినదని దిగులుపడువారికి నేను చెప్పు కథ మఱియొకటి కలదు. భీమవరము సమీపమున గొరగనమూడిలో 1896లో జన్మించిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు యౌవనమున ఇల్లు విడిచి, హిమాలయములలో తపస్సు చేసి, స్వామి జ్ఞానానందయై, యోగమునుగూర్చి ఉపన్యసించుటకు జర్మనీకి పోయి, అచ్చట నవీనభౌతికశాస్త్రముచేత ఆకర్షింపబడి, నలుబదియేండ్లు సమీపించుచున్న ప్రాయమున ప్రేగులో విద్యార్థియై ఎక్స్‌కిరణముల వర్ణపటములపై కృషిచేసి డాక్టరు పట్టము నందెను. పిమ్మట లివర్‌పూలులో, న్యూట్రానును కనుగొన్న చాడ్విక్ కడ కేంద్రకభౌతికశాస్త్రమున పనిచేసెను. శూన్యస్థితిని సాధించు విధానములపై ఆయన వ్రాసిన గ్రంథము 1947లో వెలువడినది. స్వదేశమునకు మరలి, 1950ల నడుమ వాల్తేరున కేంద్రకభౌతికశాస్త్రశాఖకు ప్రాణముపోసెను. ఆ పరిశోధనాలయము నేడును ఆయన పేరనే యున్నది. కాషాయము ధరించినవాడు వాక్యూమ్ పంపు ముందు కూర్చుండుట కొందఱకు వింతగా తోచవచ్చును. నాకు మాత్రము ఆయన రెండు జీవితములును ఒక్కటిగనే కనబడును. ఏకాంతమున, ఫలము ఎప్పుడు లభించునో తెలియని సాధన రెండింటను సమానమే.

ఇప్పటి దారిని కొంత చెప్పవలెను. ఎం.ఎస్‌సి. పిదప విద్యార్థి నెట్, గేట్, జెస్ట్ వంటి జాతీయపరీక్షలలో నొకటి వ్రాయును. నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చి ఫెలోషిప్పు లభించినచో తొలి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలును, పనితీరు తృప్తికరమైనచో పిమ్మట 42,000 రూపాయలును వేతనము. ఈ మొత్తములు 2023 జనవరి నుండి అమలులోనికి వచ్చినవి. విశ్వవిద్యాలయముల గ్రాంట్ల సంఘము 2022లో ప్రకటించిన నిబంధనల ప్రకారము పిహెచ్.డి.కి కనీసము మూడేండ్లు, గరిష్ఠముగా ఆరేండ్లు. స్త్రీలకు మఱి రెండేండ్ల సడలింపు కలదు. ముందుగా కొన్ని తరగతులకు హాజరై కోర్సువర్కు పూర్తిచేయవలెను. ప్రొఫెసరు కడ ఒకేసారి ఎనమండుగురికి మించి విద్యార్థు లుండరాదు. ఈ నియమములు మంచివే. కాని మూడుగంటలలో డెబ్బదియైదు ప్రశ్నలున్న పత్రముతో కుస్తీపట్టు నేర్పును బట్టి, మూడువారములు ఒక గీతను వదలక కూర్చుండగలవానిని ఎట్లు గుర్తింపగలము? పరీక్ష అక్కఱలేదని నే ననను. దానిని ద్వారముగా మాత్రమే ఎంచి, లోపల ప్రవేశించిన పిదప ఆ వేగమును మఱపించి ఓర్పు నేర్పుట గురువుల విధి యందును. మఱియొక మాట. ఈ వేతనము కొన్నిచోట్ల నెలల తరబడి ఆలస్యముగా చేతికందుచున్నది. మెస్సు బిల్లునకు తండ్రి ముందు చేయిచాచవలసిన ముప్పదియేండ్ల పరిశోధకుని అభిమానము ఎంత నలుగునో, ఆ కాగితములపై సంతకము చేయవలసినవారు ఒక్కసారి తలపోయవలెను.

ఇక పరికరములు మారినవి. నేడు రామన్ వర్ణపటమును లేజరుతో, ఎలక్ట్రానిక్ డిటెక్టరుతో సెకనులలో తీయవచ్చును. ప్లేటు లేదు, హైపో లేదు, రాత్రి కాపలా లేదు. కొలుచుట మనుష్యునికి బదులు యంత్రము చేయుచున్నది. దీనికి నేను విచారింపను. ఆ సమయము ఆలోచనకు మిగులవలెననియే కోరుకొందును. అయితే యంత్రము చూపిన అంకెను అనుమానించు గుణము మాత్రము యంత్రము నేర్పదు. తెరమీద ఒక శిఖరము కనబడగనే అది వస్తువుదా, గాజుపలకదా, గదిలోని ట్యూబులైటుదా అని ప్రశ్నించుకొనుట, చక్రము ఎటు త్రిప్పుచున్నావన్న ఆ పాత ప్రశ్నకు నేటి రూపమే. ఆ ప్రశ్నను ప్రక్కన కూర్చుండి అడుగు పెద్దవాడొకడు నేటికిని కావలెను.

తుదకు, నాలుగేండ్లో అయిదేండ్లో గడచిన పిదప, థీసిస్ అను పరిశోధనగ్రంథము సిద్ధమగును. అది పర్యవేక్షకునికే గాక కనీసము ఇద్దఱు బయటి పరీక్షకులకు పంపబడును. వారు మెచ్చిన పిమ్మట వైవా యను బహిరంగపరీక్ష. ఆనాడు హాలు వెనుకవరుసలో, పల్లెనుండి వచ్చిన తల్లిదండ్రులు కూర్చుండుట నేను పెక్కుమారులు చూచితిని. బోర్డుమీది సమీకరణములు వారికి తెలియవు. ప్రశ్న వచ్చినప్పుడు కొడుకు తడబడక నిలుచుట మాత్రము తెలియును. ఒక విద్యార్థిని వైవాలో పరీక్షకుడు కఠినమైన ప్రశ్న యొకటి వేయగా, ఆమె క్షణమాలోచించి, "అది నాకు తెలియదండీ, కాని తెలుసుకోవాలంటే ఏ ప్రయోగం చేయాలో చెప్పగలను" అని సుద్దముక్క తీసికొని బోర్డువైపు తిరిగెను. ఆ పరీక్షకుడు కలము మూసి జేబులో పెట్టుకొనెను. అప్పటికే ఆమెకు పట్టము వచ్చినట్లేనని మా కందఱకును అర్థమైనది.

కావున, ఇంట నిట్టి పిల్లవాడో, పిల్లయో యున్న తల్లిదండ్రులకు నా విన్నప మొక్కటే. వారు సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు ఎప్పటికి అయిపోవునని అడుగకుడు. దానికి జవాబు వారికిని తెలియదు, అడిగినకొలది వారికి ఇంటికి రాబుద్ధి పుట్టదు. అరిసెలు పెట్టి, ప్రక్కన కూర్చుండి, "ఈమధ్య ఏమి కొలిచావురా?" అని అడుగుడు. చెప్పినది సగము అర్థము కాకున్నను చివరివరకు వినుడు.